కొత్త కంప్యూటరు – పిలవని పేరంటం

కొత్త ఇల్లు కట్టించుకొని, మంచి ముహూర్తం చూసుకొని, పాలు పొంగించడానికి కుటుంబమంతా గడప దాటి లోపలికి వెళ్ళిందనుకొందాం. హాలులో అప్పటికే నలుగురైదుగురు అపరిచితులు చాపలు పరచుకొని కూర్చొని ఉన్నారు. "ముప్పై రోజులు ఊరికే ఉండి మీకు సేవ చేస్తాం. ఆ తరువాత మీరే మాకు నెలనెలా డబ్బివ్వాలి" అన్నారు వాళ్ళు. ఇల్లు కట్టిన మేస్త్రిని పిలిచి అడిగితే, "వాళ్ళు నాకు కొంత ముట్టజెప్పారండీ, అందుకే మీకు ఇల్లు చవకగా వచ్చింది" అని తాపీగా సమాధానం చెప్పాడు. ఇటువంటి గృహప్రవేశాన్ని ఎవరూ సహించరు. కాని కొత్తగా కొన్న కంప్యూటరు విషయంలో మాత్రం ఎన్నో కుటుంబాలు దీనిని మారుమాట లేకుండా సహిస్తూనే ఉన్నాయి.

పెట్టె విప్పి, మూత తెరిచి, దేశం ఏది, భాష ఏది అన్న ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబులిచ్చిన తరువాత తెర సిద్ధమవుతుంది. యజమాని ఎన్నడూ అడగని సరుకు అప్పటికే అక్కడ కొలువుదీరి ఉంటుంది. కొద్దిరోజులు మాత్రమే ఉచితంగా పనిచేసే వైరస్ నిరోధక ప్రోగ్రాము ఒకటి. అంగళ్ళకు దారి చూపే బొమ్మలు రెండు మూడు. పిల్లల కోసం పెట్టినట్లు కనిపించే ఆటలు. ఫొటోలు దాచిపెడతామనే సేవ ఒకటి. తయారీదారు పేరు మోసే ఉపకరణాలు నాలుగైదు. వీటన్నిటికీ కలిపి ఆంగ్లంలో బ్లోట్‌వేర్ అని పేరు. బ్లోట్ అంటే ఉబ్బరం. తిన్నది కొంచెమే అయినా కడుపు బరువెక్కి కదలనివ్వని స్థితికి మనవారు వాడే మాట ఈ యంత్రాలకు కూడా చక్కగా సరిపోతుంది.

వీటివల్ల యంత్రం నెమ్మదిస్తుంది, బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది, డిస్కులో చోటు తగ్గుతుంది. కాని సమస్య అంతమాత్రమే అయితే ఇంత చర్చ అవసరం లేదు. కుటుంబం ఆ యంత్రం ముందు కూర్చొని బ్యాంకు లెక్కలు చూసుకొంటుంది, ఆదాయపు పన్ను పత్రాలు నింపుతుంది, వైద్యుని నివేదికలు చదువుకొంటుంది. అదే యంత్రంలో, ఎవరు వ్రాశారో, ఎందుకు పెట్టారో తెలియని ప్రోగ్రాములు, కొన్ని సందర్భాలలో యజమానికన్న ఎక్కువ అధికారంతో, నిరంతరం పనిచేస్తూ ఉంటాయి. అసలు ప్రశ్న చోటుకు సంబంధించినది కాదు, నమ్మకానికి సంబంధించినది.

ఎవరి ఖర్చు, ఎవరి లాభం

సామాన్య కుటుంబాలు కొనే తరగతి కంప్యూటర్ల అమ్మకంలో తయారీదారుకు మిగిలే లాభం చాలా స్వల్పం. పోటీ తీవ్రం కావడంతో ధర పెంచే అవకాశం లేదు. అందువల్ల తెర మీది చోటును అమ్ముకొనే పద్ధతి ఏర్పడింది. సాఫ్ట్‌వేరు సంస్థ తన ప్రోగ్రామును కొత్త యంత్రాలలో ఉంచినందుకు, లేదా దాని ద్వారా చందాదారులు చేరినందుకు, తయారీదారుకు సొమ్ము చెల్లిస్తుంది. తలుపు పక్క గోడను ప్రకటనలకు అద్దెకిచ్చినట్లే ఇది. కాకపోతే ఆ గోడ ఇల్లు కొన్నవారిది, అద్దె మేస్త్రిది.

2008 మార్చిలో జరిగిన ఒక చిన్న సంఘటన ఈ వ్యాపారాన్ని బట్టబయలు చేసింది. సోనీ సంస్థ తన వాయో శ్రేణిలోని ఒక ఖరీదైన ల్యాప్‌టాప్‌ను అమ్ముతూ, ఈ అనవసరపు ప్రోగ్రాములేవీ లేకుండా ఇవ్వాలంటే 49 డాలర్ల 99 సెంట్లు అదనంగా చెల్లించాలని ఒక ఐచ్ఛికం పెట్టింది. దాని పేరు "ఫ్రెష్ స్టార్ట్". చెత్త వేసినవారే ఊడ్చినందుకు కూలి అడిగినట్లున్నదని కొనుగోలుదారులు మండిపడ్డారు. సంస్థ వెంటనే ఆ రుసుమును రద్దు చేసింది.

ఈ కథకు అంతకు ముందే ఒక పెద్ద అధ్యాయం ఉన్నది. 1998 మే 18న అమెరికా న్యాయశాఖ, పలు రాష్ట్రాలు కలిసి మైక్రోసాఫ్ట్ సంస్థపై గుత్తాధిపత్య నిరోధక చట్టం క్రింద దావా వేశాయి. ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో ముడిపెట్టి, దానిని తీసివేసే స్వేచ్ఛ కంప్యూటరు తయారీదారులకు లేకుండా చేసిందన్నది ప్రధాన ఆరోపణలలో ఒకటి. సంస్థను రెండుగా చీల్చాలని 2000 జూన్‌లో కింది న్యాయస్థానం ఇచ్చిన ఆజ్ఞను 2001 జూన్‌లో పై న్యాయస్థానం కొట్టివేసింది. అదే సంవత్సరం నవంబరులో రాజీ కుదిరింది. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాములకు దారి చూపే బొమ్మలను తొలగించడానికి, ఇతరుల ప్రోగ్రాములను పెట్టుకోవడానికి తయారీదారులకు స్వేచ్ఛ లభించింది. ఒకరి పట్టు సడలడం మంచిదే. అయితే ఆ ఖాళీ అయిన చోటు కొనుగోలుదారుకు దక్కలేదు, వేలానికి వచ్చింది.

సూపర్‌ఫిష్ ఉదంతం

పిలవని అతిథి ఎంత హాని చేయగలడో తెలుసుకోవడానికి 2014, 2015 సంవత్సరాలలో జరిగిన ఒక ఉదంతాన్ని కొంచెం వివరంగా పరిశీలించడం అవసరం.

2014 నుండి లెనోవో సంస్థ అమెరికాలో సామాన్య వినియోగదారులకు అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో "విజువల్ డిస్కవరీ" అనే ప్రోగ్రాము ఉండేది. దానిని తయారుచేసినది కాలిఫోర్నియాలోని సూపర్‌ఫిష్ అనే సంస్థ. చూడటానికి దాని పని చిన్నదే. ఎవరైనా అంతర్జాలంలో ఒక కుర్చీనో, దీపాన్నో చూస్తూ బొమ్మమీద మౌసు బాణాన్ని ఉంచితే, అటువంటి వస్తువులే అమ్మే ఇతర దుకాణాల ప్రకటనలు చూపుతుంది. చిక్కంతా ఆ బొమ్మను అది ఎలా చూడగలుగుతున్నదన్న దగ్గర ఉన్నది.

బ్యాంకులు, పెద్ద దుకాణాలు తమ పేజీలను రహస్య లిపిలోకి మార్చి పంపుతాయి. వెబ్ చిరునామా మొదట ఉండే ఎచ్‌టిటిపిఎస్ అన్న అక్షరాల అర్థం అదే. అవతలివైపు ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా అన్నది తేల్చుకోవడానికి బ్రౌజరు ఒక ధ్రువపత్రాన్ని అడుగుతుంది. ఆ పత్రంపై నమ్మదగిన అధికారి సంతకం ఉండాలి. నమ్మదగిన అధికారులు ఎవరెవరన్న పట్టిక ప్రతి కంప్యూటరులోను ఉంటుంది. ఊళ్ళో పొలం దస్తావేజుకు సబ్ రిజిస్ట్రారు ముద్ర ఎటువంటిదో, ఇక్కడ ఆ సంతకం అటువంటిది. ముద్ర ఉంటే దస్తావేజు చెల్లుతుంది. తెచ్చినవాడెవడని ఎవరూ ప్రశ్నించరు.

రహస్య లిపిలో వచ్చే పేజీలను కూడా చదివి ప్రకటనలు చేర్చాలన్న ఆశతో, విజువల్ డిస్కవరీ తన పేరును తానే ఆ నమ్మదగిన అధికారుల పట్టికలో వ్రాసుకొన్నది. కుటుంబం తన బ్యాంకు పేజీని తెరిచినపుడు ఈ ప్రోగ్రాము మధ్యలో నిలబడి, బ్యాంకుతో తాను మాట్లాడి, బ్యాంకు పేరున తానే ఒక దొంగ ధ్రువపత్రం తయారుచేసి బ్రౌజరుకు అందించేది. పట్టికలో పేరున్నది కనుక బ్రౌజరు నమ్మేది. ఆ రోజుల్లో చిరునామా పక్కన కనిపించే తాళం బొమ్మ యథాప్రకారం కనిపించేది.

ఇంతకన్న ఘోరం మరొకటి ఉన్నది. సంతకం చేయడానికి వాడే రహస్యపు తాళంచెవి ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్కటి కాకుండా, అన్ని యంత్రాలకు ఒకటే. ఆ చెవి కూడా యంత్రంలోనే ఉన్నది. 2015 ఫిబ్రవరి 19న రాబర్ట్ గ్రాహం అనే భద్రతా పరిశోధకుడు దానిని బయటకు తీసి, దానికి కాపలాగా ఉన్న సంకేతపదాన్ని కనిపెట్టి ప్రకటించాడు. ఆ పదం "కొమోడియా". ఈ పరికరంలోని ముఖ్యభాగాన్ని తయారుచేసిన సంస్థ పేరే అది! బీరువా చేసిన వడ్రంగి పేరే తాళానికి గుర్తుమాటగా పెట్టినట్లయింది. ఆ చెవి చేతబట్టుకొన్న ఎవడైనా, విమానాశ్రయంలోనో కాఫీ దుకాణంలోనో ఉమ్మడి వైఫై మీద కూర్చొని, అటువంటి ల్యాప్‌టాప్ ఉన్నవారికి తానే బ్యాంకునని చెప్పుకోగల పరిస్థితి ఏర్పడింది.

భద్రతకు భంగం లేదని మొదట సమాధానం చెప్పిన సంస్థ, ఒకటి రెండు రోజులలోనే మాట మార్చుకొని, దానిని తొలగించే ఉపకరణాన్ని విడుదల చేసింది. ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ప్రోగ్రామును మామూలు పద్ధతిలో తీసివేసినంత మాత్రాన అధికారుల పట్టికలో అది వ్రాసుకొన్న పేరు చెరిగిపోలేదు. అతిథి వెళ్ళిపోయాడు, తలుపు గడియ మాత్రం తీసే ఉన్నది. ఆ పేరును విడిగా చెరపవలసి వచ్చింది. చివరకు 2017 సెప్టెంబరు 5న అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 32 రాష్ట్రాలు లెనోవోతో రాజీ ఒప్పందం ప్రకటించాయి. రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు చెల్లించడానికి, ఇటువంటి ప్రకటనల ప్రోగ్రాములు పెట్టేముందు వినియోగదారు అంగీకారం తీసుకోవడానికి, ముందుగా పెట్టి అమ్మే సాఫ్ట్‌వేరు భద్రతను 20 సంవత్సరాలపాటు పరీక్షింపజేసుకోవడానికి సంస్థ ఒప్పుకొన్నది.

లెనోవో ఒక్కదానినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అదే 2015 నవంబరులో డెల్ యంత్రాలలో ఇటువంటి ధ్రువపత్రమే బయటపడింది. అది ప్రకటనల కోసం కాదు, సహాయ విభాగం యంత్రాన్ని గుర్తుపట్టడం కోసం పెట్టినదని సంస్థ వివరించి, క్షమాపణ చెప్పింది. ఉద్దేశం మంచిదే కావచ్చు, తాళంచెవి మాత్రం అక్కడ కూడా అన్నిటికీ ఒకటే. 2016లో డ్యూయో సెక్యూరిటీ సంస్థ ఐదుగురు పెద్ద తయారీదారుల యంత్రాలను కొని, వాటిలో ముందే ఉన్న నవీకరణ ప్రోగ్రాములను పరీక్షించింది. ఐదింటిలోను కనీసం ఒక్కొక్క పెద్ద లోపమైనా కనబడింది. యంత్రాన్ని సురక్షితంగా ఉంచడానికని పెట్టిన ప్రోగ్రామే దొడ్డిదారి అయిందన్నమాట.

తల్లిదండ్రుల ల్యాప్‌టాప్

ప్రవాసాంధ్ర కుటుంబాలలో ఈ సమస్య మరొక రూపంలో ఎదురవుతుంది. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉద్యోగం చేసే కుమారుడు సెలవులకు ఇంటికి వెళ్తూ, తల్లిదండ్రులకని కొత్త ల్యాప్‌టాప్ పట్టుకు వెళ్తాడు. ఉన్న మూడు వారాలలో వీడియోలో మాట్లాడుకోవడం, ఫొటోలు చూడటం నేర్పి తిరిగి వస్తాడు. వచ్చిన వారానికి నెల్లూరు నుండి ఫోను. "ఏమిట్రా అబ్బాయీ, తెర మీద ఎర్రగా ఏదో వచ్చింది. కంప్యూటరుకు ప్రమాదం అంటోంది. డబ్బు కట్టమంటోంది. కట్టేదా?"

అది వైరస్ కాదు, దొంగతనమూ కాదు. ముప్పై రోజుల గడువు ముగిసిన వైరస్ నిరోధక ప్రోగ్రాము తన చందా అడుగుతున్నది, అంతే. అయితే ఆ అడిగే తీరు దొంగ ప్రకటనల తీరుకు ఏమాత్రం భిన్నంగా ఉండదు. అదే ఎరుపు, అదే తొందర. ఒకసారి దీనిని నమ్మి కార్డు నంబరు ఇచ్చిన పెద్దలు, రేపు నిజమైన మోసగాడు ఇటువంటి ఎర్ర తెరనే చూపి, "ఈ నంబరుకు ఫోను చెయ్యండి" అన్నపుడు అంతే సులభంగా నమ్ముతారు. దూరాన ఉన్న పిల్లలకు అర్ధరాత్రి అయి ఉంటుంది, అడగడానికి మొహమాటం. ఈ ప్రోగ్రాములు చేసే హానిలో ఇది ఏ నివేదికలోను లెక్కకు రాని భాగం.

శుభ్రపరిచే విధానం

కొన్న మొదటి రోజులలోనే, సొంత ఫొటోలు, పత్రాలు ఎక్కించకముందే ఈ పని పూర్తిచేసుకోవడం అన్నివిధాలా మేలు. విండోస్ 11 యంత్రాలలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, యాప్స్ అన్న విభాగంలో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిస్తే యంత్రంలో ఉన్న ప్రోగ్రాముల పట్టిక కనబడుతుంది. గడువుతో వచ్చిన వైరస్ నిరోధకం, ఆటలు, అంగళ్ళ బొమ్మలు, ఎన్నడూ చేరబోని సేవలు, వీటిని సంకోచం లేకుండా తీసివేయవచ్చు. వైరస్ నిరోధకం తీసివేస్తే యంత్రం దిక్కులేనిది అవుతుందన్న భయం చాలామందికి ఉన్నది. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి పూర్తిస్థాయి నిరోధకం, డిఫెండర్ పేరుతో, విండోస్‌లోనే అంతర్భాగంగా ఉన్నది. బయటి నిరోధకం ఉన్నంతకాలం అది పక్కకు తప్పుకొని ఉంటుంది. దానిని తీసివేసి యంత్రాన్ని ఒకసారి ఆపి తిరిగి ప్రారంభిస్తే తానే బాధ్యత స్వీకరిస్తుంది. స్వీకరించిందో లేదో విండోస్ సెక్యూరిటీ పేజీలో చూసుకోవాలి. కొన్ని నిరోధకాలు తీసివేసిన తరువాత కూడా తునకలు వదిలిపెడతాయి. వాటికి ఆయా సంస్థలే ప్రత్యేక తొలగింపు ఉపకరణాలను తమ సైటులో ఉచితంగా ఇస్తున్నాయి.

అత్యుత్సాహం కూడా ప్రమాదమే. శబ్దం, వైఫై, గ్రాఫిక్స్, టచ్‌ప్యాడ్ వంటి పేర్లతో ఉన్నవి యంత్రభాగాలను నడిపే డ్రైవర్లకు సంబంధించినవి. విజువల్ సి ప్లస్ ప్లస్ అన్న పేరుతో పట్టికలో నాలుగైదు వరుసలు కనిపిస్తాయి. ఇతర ప్రోగ్రాములు వాటిపై ఆధారపడి ఉంటాయి. వీటిని ముట్టుకోరాదు. తయారీదారు నవీకరణ ప్రోగ్రాము విషయంలో నిర్ణయం అంత తేలిక కాదు. పైన చెప్పిన లోపాలు అటువంటి వాటిలోనే బయటపడ్డాయి. కాని యంత్రపు మూలసూత్రాలను దిద్దే బయాస్ నవీకరణలు అందేది కూడా చాలాసార్లు వాటిద్వారానే. ఒక్కదానిని ఉంచుకొని, ఎప్పటికప్పుడు తాజాగా ఉంచడం మధ్యేమార్గం. ఏమిటో తెలియని పేరు కనబడితే ముందు దానిని గురించి చదివి, అప్పటికీ సందేహం తీరకపోతే ఉండనివ్వడమే మంచిది. ఇక "మీ కంప్యూటరును ఒక్క నొక్కుతో శుభ్రం చేస్తాం" అంటూ అంతర్జాలంలో ఎదురయ్యే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఎలుకలను పట్టడానికి పామును తెచ్చుకోవడం ఎంత తెలివైన పనో, వాటిని తెచ్చుకోవడం అంత తెలివైన పని.

ఒక్కొక్కటిగా ఏరివేయడం ఇష్టం లేనివారు విండోస్‌ను మళ్ళీ మొదటినుండి ఎక్కించుకోవచ్చు. ఇందులో చాలామంది పొరబడేది రీసెట్ అన్న ఐచ్ఛికం విషయంలో. దానివల్ల యంత్రం కొన్ననాటి స్థితికి వస్తుంది, అంటే చాలా సందర్భాలలో ఆ పాత అతిథులు కూడా తిరిగి వస్తారు. మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగా దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో, కనీసం 8 గిగాబైట్ల యుఎస్‌బి పుల్లమీద విండోస్‌ను సిద్ధం చేసుకొని ఎక్కించుకొంటే తయారీదారు చేర్చినవి చాలావరకు పోతాయి. లైసెన్సు మళ్ళీ కొనవలసిన అవసరం లేదు. విండోస్ 8 కాలం నుండి తయారీదారులు ఆ సంఖ్యను మదర్‌బోర్డులోనే నిక్షిప్తం చేస్తున్నారు. అదే తరగతి విండోస్ ఎక్కిస్తే తానే గుర్తుపడుతుంది. ఈ పనికి పూనుకొనేముందు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. వైఫై డ్రైవరును ముందే తయారీదారు సైటు నుండి దించి మరొక పుల్లమీద ఉంచుకోవాలి. లేకపోతే విండోస్ కొత్తది, అంతర్జాలం మాత్రం లేదు అన్న స్థితి రావచ్చు. రెండవది, బిట్‌లాకర్ పునరుద్ధరణ సంఖ్య. డిస్కును యజమానికి చెప్పకుండానే రహస్య లిపిలో ఉంచే యంత్రాలు ఈనాడు అనేకం. ఆ సంఖ్య మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దానిని కాగితంమీద వ్రాసి ఉంచుకోవాలి.

ఇంత చేసినా కొందరు అతిథులు మిగులుతారు. 2015లో లెనోవో కొన్ని యంత్రాలలో తన ప్రోగ్రామును బయాస్‌లోనే ఇమిడ్చింది. విండోస్‌లో ఇందుకు వీలు కల్పించే ఏర్పాటు ఉండటం వల్ల, విండోస్‌ను ఎన్నిసార్లు కొత్తగా ఎక్కించినా అది తిరిగి వచ్చేది. దానిని మానుకొంటూ సంస్థ బయాస్ నవీకరణ ఇవ్వవలసి వచ్చింది. విండోస్ తనతోపాటు తెచ్చేవి మరికొన్ని. ఎడ్జ్ బ్రౌజరు ఇందుకు ఉదాహరణ. 2024 మార్చి నుండి ఐరోపా ఆర్థిక మండలంలోని దేశాలవారు, అక్కడి డిజిటల్ మార్కెట్ల చట్టం పుణ్యమా అని, దానిని మామూలుగా తీసివేసుకోవచ్చు. అమెరికాలో ఉన్నవారికి ఆ సౌకర్యం లేదు. ఇరవై అయిదేళ్ళ క్రితం వాషింగ్టన్ న్యాయస్థానంలో జరిగిన వాదం ఏ బ్రౌజరు గురించో గుర్తున్నవారికి ఇది కొంత నవ్వు తెప్పించవచ్చు.

యంత్రం శుభ్రపడిన తరువాత తెలుగువారికి మిగిలే పని ఒకటున్నది. విండోస్ ఎక్స్‌పి కాలం నుండి ఎందరికో అలవాటైన గౌతమి అక్షరరూపం, విండోస్ 10 వచ్చినప్పటి నుండి అందరి యంత్రాలలోను తనంత తానుగా ఉండదు. నాన్నగారు గౌతమిలో టైపు చేసి పెట్టుకొన్న పాత పత్రాలు వేరే అక్షరాలతో కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. ఐచ్ఛిక సౌకర్యాల జాబితాలో తెలుగు అనుబంధ అక్షరరూపాలు అన్నదానిని చేర్చుకొంటే గౌతమి, దానితోపాటు వాణి వస్తాయి. భాషల విభాగంలో తెలుగును చేర్చితే కీబోర్డు కూడా వస్తుంది. ఆంగ్ల అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం టైపు చేసేవారికి 2019 నుండి తెలుగు ఫొనెటిక్ అన్న పేరుతో వేరే కీబోర్డు ఉన్నది. వీటిని ఎవరూ డబ్బిచ్చి ముందుగా పెట్టించరు. ల్యాప్‌టాప్ సంచిలో సర్దేముందే ఈ రెండూ చేర్చి, అమ్మ పేరు తెలుగులో ఒకసారి టైపు చేసి సరిగా వస్తున్నదో లేదో చూసుకోవడం మంచిది.